డెబియన్ 12 ఇన్‌స్టాలర్: లైసెన్స్ కూడా చూపించి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేదాన్ని

అన్నయ్య తన లాప్‌టాప్‌లో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తనే వేసుకున్నాడు. నేను పక్కన కూర్చున్నానంతే, కీబోర్డు మీద చెయ్యి వేయలేదు. అన్నయ్యకు చూపు లేదు. బూట్ మెనూ వచ్చాక ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలర్ ప్రతి ప్రశ్నా చదివి వినిపిస్తుంది. ఈ సదుపాయం డెబియన్‌లో ఎప్పటినుంచో ఉంది. అయితే ఈమధ్య వచ్చే చాలా లాప్‌టాప్‌లలో సౌండ్ రావాలంటే ముందు ఒక ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కావాలి. అది ఇన్‌స్టాలర్‌లో లేకపోతే సౌండ్ రాదు. సౌండ్ రాకపోతే, ఫర్మ్‌వేర్ దొరకలేదని స్క్రీన్ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అన్నయ్యకు ఆ సంగతే తెలియదు.

గొంతు వినబడగానే "వచ్చిందమ్మా" అన్నాడు. తర్వాత భాష, టైమ్ జోన్, డిస్కు, పాస్‌వర్డ్ అన్నీ తనే చూసుకున్నాడు. వైఫై కూడా దానంతటదే పట్టుకుంది. నలభై నిమిషాల్లో పని అయిపోయింది.

డెబియన్ 12 విడుదలైంది 2023 జూన్ 10న. 2025 ఆగస్టులో 13 కూడా వచ్చింది, ఫర్మ్‌వేర్ విషయంలో పద్ధతి అదే. ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వడం మొదలైంది మాత్రం 12లో కాబట్టి దాని గురించే రాస్తున్నాను. ఆఫీసులో మెషీన్లు చూసుకునే పని నాది. ఇప్పటిదాకా తొమ్మిది మెషీన్లలో ఈ ఇన్‌స్టాలర్ వాడాను, ఎనిమిదింటిలో ఏ ఇబ్బందీ రాలేదు. నా మార్కులు ఐదుకు నాలుగు. ఆ తగ్గించిన ఒక్క మార్కు గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది చిన్న విషయం కాదని నా నమ్మకం.

ముందు ఈ ఫర్మ్‌వేర్ గొడవ ఏమిటో తెలియనివాళ్ల కోసం. వైఫై కార్డులో కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది నడవడానికి దానికో ప్రోగ్రాం కావాలి. ఒకప్పుడు ఆ ప్రోగ్రామును కార్డు మీదే ఒక చిప్‌లో రాసి అమ్మేవాళ్లు. కార్డు కొంటే ప్రోగ్రాం కూడా దాంతోనే వచ్చేది, దాని లైసెన్స్ గురించి ఎవరూ అడగలేదు. తర్వాత ఖర్చు తగ్గించడానికి, తప్పులుంటే తేలిగ్గా దిద్దుకోవడానికి, కంపెనీలు ఆ చిప్ తీసేశాయి. ఇప్పుడు కరెంటు పోగానే కార్డు మెమరీ ఖాళీ అయిపోతుంది. మెషీన్ లేచిన ప్రతిసారీ డ్రైవర్ ఒక ఫైలు తీసి కార్డుకు అందించాలి. ప్రోగ్రాం అదే, చేసే పనీ అదే. కానీ అది ఫైలుగా మారేసరికి దాన్ని ఎవరో ఒకరు పంచిపెట్టాల్సి వచ్చింది. పంచాలంటే కాపీరైట్ ఉన్నవాళ్ల అనుమతి కావాలి. ఈ తగాదా అంతా అక్కడ పుట్టింది.

డెబియన్‌కు ఇది మిగతావాళ్లకంటే ఎక్కువ నొప్పి కలిగించింది. కారణం వాళ్లు 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం. డెబియన్ నూటికి నూరు శాతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా (అసలు కోడ్ చూసి, మార్చుకుని, పంచుకునే హక్కు ఉన్నదిగా) ఉంటుందని వాడేవాళ్లకు అందులో మాట ఇచ్చారు. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: మా ప్రాధాన్యం వాడుకరులకూ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ అని. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటే ఫర్మ్‌వేర్ ఉంది.

సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లోనే ఆ ఒరిపిడి కనబడేది. టీజీ3 అనే నెట్‌వర్క్ డ్రైవర్ ఫైలు చూడండి. కెర్నల్ మొత్తం జీపీఎల్ కింద ఉంటుంది, అంటే పంచేవాళ్లు సోర్స్ (మనుషులు రాసిన అసలు కోడ్) కూడా ఇవ్వాలనే లైసెన్స్. ఆ ఫైలులో మాత్రం కొన్ని పేజీల పొడవునా పదహారు అంకెల పద్ధతిలో రాసిన సంఖ్యలు ఉండేవి. పైన ఒక గమనిక: ఇది ప్రచురించని, యాజమాన్య హక్కులున్న సోర్స్ కోడ్ నుంచి వచ్చింది, ఈ కాపీరైట్ గమనిక వెంట ఉంటే ఇదే సంఖ్యల రూపంలో పంచుకోవచ్చు అని. జీపీఎల్ ప్రకారం సోర్స్ అంటే ప్రోగ్రామర్ మార్పులు చేయడానికి ఇష్టపడే రూపం. ఏ ప్రోగ్రామరూ వరసగా సంఖ్యలు టైపు చేసి ప్రోగ్రాం రాయడు. అసలు సోర్స్ కంపెనీ దగ్గరే ఉంది. మరి ఈ ఫైలును జీపీఎల్ కెర్నల్‌లో కలిపి పంచవచ్చా? కొందరు అది చిప్‌కు అందించే డేటా మాత్రమే అన్నారు. కొందరు ప్రోగ్రాం ప్రోగ్రామే అన్నారు. నాకు రెండోవాళ్ల మాటే సరైనదని అనిపిస్తుంది. ఒక ప్రాసెసర్ ఆ సంఖ్యల్ని ఆదేశాలుగా చదువుకుని నడుస్తున్నప్పుడు దాన్ని డేటా అనడం మనకు మనం సర్దిచెప్పుకోవడమే.

డెబియన్ వాళ్లు దీనిమీద ఓట్ల మీద ఓట్లు పెట్టుకున్నారు. 2004లో ఒప్పందం మాటలు సవరించారు, డేటా అనే వాదనకు అప్పటితో చోటు పోయింది. అదే ఏడాది మళ్లీ ఓటు పెట్టి, సార్జ్ అనే వెర్షన్ విడుదలయ్యేదాకా ఆ సవరణ అమలును ఆపారు. 2006లో ఎచ్ కోసం, 2008లో లెన్నీ కోసం మళ్లీ ఇదే పంచాయితీ. చివరికి 2011 ఫిబ్రవరిలో వచ్చిన స్క్వీజ్‌లో కెర్నల్ నుంచి అలాంటి ఫైళ్లన్నీ ఏరి, నాన్-ఫ్రీ అనే విడి విభాగంలోకి పంపేశారు. మాట నిలబెట్టుకున్నారు. కానీ ఆ తర్వాత అధికారిక ఇన్‌స్టాలర్‌తో చాలా లాప్‌టాప్‌లలో వైఫై రాలేదు. ఫర్మ్‌వేర్ కలిపిన ఇన్‌స్టాలర్ కూడా తయారుచేసేవాళ్లే, కాకపోతే దాన్ని ‘అనధికారికం’ అని పేరుపెట్టి సైట్‌లో ఒక మూల ఉంచారు. తెలిసినవాళ్లకు దారి తెలుసు. కొత్తవాళ్లు మొదటి పేజీలో ఉన్నదే దించుకుని, వైఫై లేక, లినక్స్ ఇంతేనేమో అనుకుని వెళ్లిపోయారు. స్వేచ్ఛ గురించి వాళ్లకు ఒక్క ముక్క కూడా చెప్పే అవకాశం రాకుండానే వెళ్లిపోయారు. నాకు బాధ కలిగించేది అదే.

2022లో స్టీవ్ మెకింటైర్ ఈ విషయాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. డెబియన్ సీడీ ఇమేజ్‌లు తయారుచేసే పనిలో ఏళ్లుగా ఉన్న మనిషి. చూపులేనివాళ్లకు సౌండ్ ఫర్మ్‌వేర్ లేకపోతే ఇన్‌స్టాల్ చేసుకునే దారే ఉండదన్నది ఆయన చూపించిన కారణాల్లో ఒకటి. చాలా రకాల ప్రతిపాదనల మధ్య ఓటింగ్ జరిగి అక్టోబరు మొదట్లో తేలింది. ఒప్పందాన్ని మార్చాలంటే మూడింతల మెజారిటీ కావాలి. అయినా గెలిచిన ప్రతిపాదన ఒప్పందాన్ని మార్చేదే. ఇకపై ఇన్‌స్టాలర్ ఒక్కటే, అందులో ఫర్మ్‌వేర్ ఉంటుంది. ఒప్పందం ఐదో అంశంలో ఒక వాక్యం చేర్చారు: డెబియన్ వ్యవస్థలో భాగం కాని ఫర్మ్‌వేర్ కూడా, దాని అవసరం ఉన్న హార్డ్‌వేర్‌లో డెబియన్ నడవడం కోసం, అధికారిక మీడియాలో ఉండవచ్చు అని. ‘డెబియన్ వ్యవస్థలో భాగం కాని’ అన్న మాట వదులుకోలేదు చూడండి, అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

ఇక ఇన్‌స్టాలర్‌లో నాకు బాగా నచ్చినవి చెప్తాను. మొదటిది, ఫర్మ్‌వేర్‌కు సొంత అర కట్టించారు. నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం పెట్టి, నాన్-ఫ్రీలోని మిగతా సరుకు నుంచి దీన్ని వేరుచేశారు. ఇంతకుముందు వైఫై కోసం నాన్-ఫ్రీ తెరిస్తే, అక్కర్లేని సాఫ్ట్‌వేర్‌కు కూడా తలుపు తెరిచినట్టే అయ్యేది. ఇప్పుడు చిప్‌లకు కావాల్సింది చిప్‌లకు, మిగతాది మూసే ఉంటుంది. రెండోది, మెషీన్‌కు అవసరమైన ప్యాకేజీలే వేస్తుంది, మొత్తం కుమ్మరించదు. మూడోది నాకు ప్రాణం: ఏ ఫర్మ్‌వేర్ వేసిందో చిట్టా రాసి పెడుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక లాగ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ తెరిస్తే ఫర్మ్‌వేర్-సమ్మరీ అనే చిన్న ఫైలు కనబడుతుంది. మిగతా చాలా సిస్టమ్‌లలో ఏది ఎప్పుడు లోపలికి వచ్చిందో వెతుక్కోవాలి.

అన్నయ్య ఆ ఫైలు నాతో కాకుండా తన స్క్రీన్ రీడర్‌తోనే చదివించుకున్నాడు. వైఫైది ఒకటి, సౌండ్‌ది ఒకటి, ప్రాసెసర్ లోపల నడిచే మైక్రోకోడ్ ఒకటి.

"వీటి లైసెన్సుల్లో ఏముందమ్మా?" అన్నాడు.

ఇన్‌స్టాలర్ చెప్పలేదు. ఒక్క మార్కు తగ్గింది అక్కడే.

లైసెన్స్ ఎక్కడా లేదని కాదు. ప్రతి ప్యాకేజీకీ డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో కాపీరైట్ అనే ఫైలు ఉంటుంది, ఉందని తెలిసినవాళ్లు తీసి చదువుకోవచ్చు. మేం ఆ సాయంత్రం చదివాం. అన్నయ్య వైఫై ఇంటెల్‌ది. లైసెన్స్ ఇలా చెప్తుంది: ఈ ఫైలును బైనరీ (మెషీన్ చదివే) రూపంలో, ఏ మార్పూ చేయకుండా పంచవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడకూడదు. అంటే డెబియన్ దీన్ని మనకు ఇవ్వవచ్చు, మనం ఇంకొకరికి ఇవ్వవచ్చు. తప్పు ఉంటే దిద్దుకోలేం, చూడనైనా చూడకూడదు. పంచే అనుమతి వేరు, స్వేచ్ఛ వేరు. 2022 ఓటు మొదటిదాన్ని ఇన్‌స్టాలర్ దాకా తెచ్చింది. రెండోది కంపెనీల చేతిలోనే ఉంది. ఈ తేడా తెలియకుండా "డెబియన్ ఫర్మ్‌వేర్ సమస్య తీరిపోయింది" అనుకునేవాళ్లు ఎక్కువైపోతున్నారు. ఇన్‌స్టాలర్‌లో ఒక్క తెర, రెండు వాక్యాలు ఉంటే ఆ పొరపాటు జరగదు.

సౌండ్ ఫర్మ్‌వేర్ కథ ఇంకా విచిత్రం. దాని పేరు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, దిద్దుకునే హక్కు కూడా ఉంది. అయినా ఆ ప్యాకేజీ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలోనే ఉంటుంది. ఎందుకంటే చాలా లాప్‌టాప్‌లలో ఆ చిప్ కంపెనీ సంతకం ఉన్న ఫైలును మాత్రమే తీసుకుంటుంది. మనం సోర్స్ దిద్ది, మళ్లీ కట్టి ఇచ్చినా సంతకం లేదని తిప్పికొడుతుంది. లైసెన్స్ అనుమతించినదాన్ని తాళం అడ్డుకుంటుంది. అన్నయ్య ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. తనకు ఆ గొంతు వినిపించే కోడ్ తనదే, కానీ మార్చుకుంటే తన సొంత మెషీనే ఒప్పుకోదు.

మైక్రోకోడ్ లైసెన్స్ ఎందుకు చదవాలో 2018 ఆగస్టు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎల్1టీఎఫ్ అనే భద్రతాలోపం బయటపడ్డ రోజులవి. దాన్ని అరికట్టే మైక్రోకోడ్‌ను ఇంటెల్ విడుదల చేసింది. వెంట వచ్చిన కొత్త లైసెన్స్‌లో ఒక షరతు ఉంది: దీనితో చేసిన వేగపరీక్షల ఫలితాలు, పోలికలు ప్రచురించకూడదని. భద్రతకోసం వేసుకోక తప్పని ఫైలు అది. వేసుకుంటే మెషీన్ ఎంత నెమ్మదిస్తుందో చెప్పే హక్కు పోతుంది. డెబియన్‌లో ఆ ప్యాకేజీ చూసే నిర్వాహకుడు లైసెన్స్ చదివి, కొత్త ఫైలును విడుదల చేయకుండా ఆపాడు. డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలు రాయడంలో ముఖ్యపాత్ర ఉన్న బ్రూస్ పెరెన్స్ కూడా ఆ షరతు గురించి బహిరంగంగా రాశారు. కొద్ది రోజుల్లోనే ఇంటెల్ ఆ షరతు తీసేసి, పంచుకోవడానికి వీలైన మామూలు లైసెన్స్ పెట్టింది. ఒక మనిషి కూర్చుని లైసెన్స్ చదవడం వల్ల జరిగింది అదంతా. ఇప్పుడు ఇన్‌స్టాలర్ ఆ మైక్రోకోడ్‌ను దానంతటదే వేస్తుంది, వేయడం మంచిదే. కానీ చదివే అలవాటు వాడేవాళ్లకు కూడా రావాలంటే ఆ కాగితం కళ్ల ముందుకు రావాలి కదా.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. పాత ఐపీడబ్ల్యూ వైఫై కార్డుల ఫర్మ్‌వేర్ ప్యాకేజీ డెబియన్‌లోనే లైసెన్స్ చూపించి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్‌లో అవే కార్డులకు బూట్ ఫైలులో ‘లైసెన్స్‌కు ఒప్పుకుంటున్నాను’ అన్న అర్థం వచ్చే లైను మనమే రాయాలి, అది రాసేదాకా ఫర్మ్‌వేర్ లోడ్ కాదు. మొదటిసారి ఆ లైను రాసినప్పుడు విసుగొచ్చింది. కానీ ఏం ఒప్పుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. అందరినీ అలా ఆపమని నేను అడగడం లేదు. ఫర్మ్‌వేర్ వేసే ముందు పేరు, కంపెనీ, లైసెన్స్‌లోని ముఖ్యమైన షరతు ఒక తెర మీద చూపిస్తే చాలు. అన్నయ్య లాంటివాళ్లకు చదివి వినిపిస్తే చాలు.

వద్దనుకునేవాళ్ల దారి కూడా కాస్త దాచినట్టే ఉంది. ఫర్మ్‌వేర్ అక్కర్లేదంటే బూట్ మెనూలో కమాండ్ లైను తెరిచి, ఫర్మ్‌వేర్ అని, ఈక్వల్స్ గుర్తు పెట్టి, నెవర్ అని టైపు చేయాలి. పనిచేస్తుంది, నేనే చేసి చూశాను. కానీ మెనూలో దాని ఊసే లేదు, ఇన్‌స్టలేషన్ గైడ్ చదివినవాళ్లకే తెలుస్తుంది. ఎంపిక చేసుకునే వీలు ఉంటుందని ఓటు వేసేటప్పుడు చెప్పిన మాట ఇది. మెనూలో ఒక వరస ఇస్తే పోయేదేముంది?

11 నుంచి 12కు అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్ట్‌లో నాన్-ఫ్రీ అని ఉంటే సరిపోదు, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని కూడా చేర్చాలి. లేకపోతే వైఫై మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, పాత ఫైలు డిస్కు మీద ఉంది కాబట్టి. కొత్త అప్‌డేట్లు మాత్రం రావు, మైక్రోకోడ్‌తో సహా. సాఫ్ట్‌వేర్ తెచ్చి వేసే ఆప్ట్ ఈ సంగతి ఒక గమనికగా చెప్తుంది. అప్‌డేట్ కొట్టినప్పుడు కింద ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే లైన్లు వస్తే దయచేసి చదవండి.

ఏం చేసినా ఇన్‌స్టాలర్ చేతుల్లో లేనివీ ఉన్నాయి. బీ43 డ్రైవర్‌తో నడిచే పాత బ్రాడ్‌కామ్ చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను పంచే అనుమతి ఎవరికీ లేదు. అందుకే డెబియన్ ఫైలు ఇవ్వదు, నెట్ నుంచి కంపెనీ డ్రైవర్ దించుకుని అందులోంచి ఫర్మ్‌వేర్‌ను కోసి తీసే ఒక చిన్న పనిముట్టు ఇస్తుంది. వైఫై కోసం నెట్ కావాలి, నెట్ కోసం వైఫై కావాలి. నా తొమ్మిదో మెషీన్‌ది ఇదే తరహా ఇబ్బంది, కేబుల్ పెట్టి గట్టెక్కాం.

ఓపెన్‌బీఎస్‌డీ అనే సిస్టమ్ వాళ్ల దారి కూడా నేను వాడి చూశాను. కెర్నల్‌లోపల నడిచే మూసిన కోడ్‌ను వాళ్లు దగ్గరికి రానివ్వరు. కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్‌ను మాత్రం ఒప్పుకుంటారు, స్వేచ్ఛగా పంచే అనుమతి ఉండాలని పట్టుబడతారు. 2004 ప్రాంతంలో ఓపెన్‌బీఎస్‌డీ స్థాపకుడు థియో డి రాట్ ఆ అనుమతుల కోసం చిప్ కంపెనీల వెంటపడ్డారు, వాడేవాళ్లను కూడా ఉత్తరాలు రాయమన్నారు. కొన్ని కంపెనీలు దిగొచ్చాయి. ఇవాళ లినక్స్‌వాళ్లకు అందుతున్న అనుమతుల వెనక అలాంటి పోరాటాల ఫలితం కూడా ఉంది. లినక్స్-లిబ్రే అనే కెర్నల్ అయితే ఇంకో కొస, ఆ ఫైళ్లను అడిగే మాటల్ని కూడా కెర్నల్ నుంచి తీసేస్తుంది. దాన్ని నమ్మి వాడేవాళ్లంటే నాకు గౌరవమే. మైక్రోకోడ్ కూడా వద్దనడం దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. ప్రాసెసర్ లోపల పాత మూసిన మైక్రోకోడ్ ఎలాగూ ఉంది. కొత్తది వేసుకోకపోతే స్వేచ్ఛ ఏమీ పెరగదు, భద్రత మాత్రం తగ్గుతుంది.

నా సొంత లాప్‌టాప్ సంగతి వేరు. దాంట్లో నెవర్ అని కొట్టి, కేబుల్‌తో ఇన్‌స్టాల్ చేశాను. వైఫైకి ఏఆర్9271 చిప్ ఉన్న పాత యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకున్నాను. ఆ చిప్ ఫర్మ్‌వేర్ సోర్స్‌ను 2013లోనే బయటపెట్టారు. అందుకే దాని ప్యాకేజీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉండే డెబియన్ మెయిన్ విభాగంలో ఉంటుంది, మిగతా సాఫ్ట్‌వేర్ పక్కనే, సోర్స్ నుంచి కట్టినది. వేగం ఇప్పటి కార్డులతో పోలిస్తే తక్కువే, 5 గిగాహెర్ట్జ్ రాదు. నా పనికి చాలు.

అన్నయ్య దాన్ని చేత్తో తడిమి చూసి, "ఇలాంటిదే సౌండ్‌కి ఉందా?" అని అడిగాడు. యూఎస్‌బీ సౌండ్ కార్డులు చాలావరకు మన మెషీన్ నుంచి ఏ ఫైలూ అడగవు, ప్రోగ్రాం వాటి లోపలే ఉంటుంది. అలాంటిది ఒకటి తెచ్చిపెడతానన్నాను. "లోపల ఉన్నదానికి కూడా లైసెన్స్ ఉంటుందిగా, అది చదివే వీలుందా?" అన్నాడు. లేదని చెప్పాను. అయితే ఉన్నదే ఉండనీ అని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చదవడం ఆపిన కాపీరైట్ ఫైలు మళ్లీ తెరిచాడు.